ఆర్గానిక్ అని రాసి ఉంటే సరిపోతుందా?



కోత పండుగ నాడు మన గుడి ఆవరణలో బల్లలు వేసి, సంఘస్థులు తెచ్చిన తొలి పంటను వేలం వేయడం మీకందరికీ తెలిసినదే. గుమ్మడికాయలు, అరటి గెలలు, నాటుకోళ్లు, కొత్త బియ్యం ఎప్పుడూ ఉండేవే. కొన్నేళ్లుగా కొన్ని మూటల మీద ఒక అట్టముక్క కూడా కనిపిస్తున్నది. దాని మీద 'ఆర్గానిక్' అని రాసి ఉంటుంది. ఆ మూటకు పాట ఎక్కువ పలుకుతుంది. గుడికి వెళ్లే సొమ్ము కనుక ఎవరూ నొచ్చుకోరు. కాని అదే మాట బజారులో ప్యాకెట్టు మీద కనిపించి, చిన్న జీతంతో బతికే కుటుంబం నెల సరుకుల డబ్బులో పెద్ద భాగం దానికే పెడుతున్నప్పుడు, ఆ మాటకు అర్థం ఏమిటని అడగక తప్పదు.

మా ఓపిలో ఈ మధ్య తరచుగా వినిపించే ప్రశ్నలు రెండు. షుగరు ఉన్నవారు, "ఆర్గానిక్ బియ్యానికి మారాము, మాత్రలు తగ్గించవచ్చా?" అని అడుగుతారు. గర్భిణీ స్త్రీలు, "కూరగాయలన్నీ మందులమయం అంటున్నారు, ఆకుకూరలు మానేశాను, ఫరవాలేదా?" అంటారు. మొదటి ప్రశ్న కంటే ఈ రెండోది మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతుంది. రక్తం తక్కువగా ఉన్న తల్లి భయంతో తోటకూర మానేస్తే నష్టపోయేది తల్లీ బిడ్డా ఇద్దరూ. అందుకే ఈ సంచికలో ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాము.

చట్టం ఏమంటున్నది

సేంద్రియ పంట అంటే రసాయన ఎరువులు, రసాయన పురుగుమందులు, జన్యుమార్పిడి విత్తనాలు వాడకుండా పండించినది. ఈ మాటకు మన దేశంలో మొదట నిబంధనలు వచ్చింది మన కోసం కాదు, పై దేశాల వారి కోసం. 2000 సంవత్సరంలో కేంద్ర వాణిజ్య శాఖ జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. దాని పనిని అపెడా అనే ఎగుమతుల సంస్థ చూస్తుంది. ఎగుమతి చేయాలంటే గుర్తింపు పొందిన సంస్థ వచ్చి పొలాన్ని, లెక్కల పుస్తకాన్ని తనిఖీ చేసి సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఏడాది పంటలకైతే రసాయనాలు మానిన తరువాత రెండేళ్లు, పండ్ల తోటల వంటి బహువార్షిక పంటలకైతే మూడేళ్లు గడవాలి. ఈ మధ్య కాలాన్ని పరివర్తన కాలం అంటారు. ఈ రెండు మూడేళ్లు రైతుకు దిగుబడి తగ్గవచ్చు, ధర మాత్రం ఇంకా పెరగదు. లేవీయకాండములో ఏడవ యేట భూమికి విశ్రాంతి ఇమ్మన్న ఆజ్ఞను మన పాస్టర్లు బోధించినప్పుడు, ఆ ఏడు రైతు ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో అని మనం అంతగా ఆలోచించము. పరివర్తన కాలంలో ఉన్న రైతుది అదే కష్టం.

ఆ తరువాత చాలా ఏళ్ల పాటు దేశం లోపల అమ్మే సరుకుకు అటువంటి కట్టుబాటు లేదు. ఎవరైనా ఏ సంచి మీదనైనా ఆర్గానిక్ అని అచ్చు వేయించుకోవచ్చు. ఆ పరిస్థితి 2018 జూలై 1తో చట్టరీత్యా ముగిసింది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ.) 2017లో చేసిన సేంద్రియ ఆహార నిబంధనలు ఆ రోజు నుండి అమలులోకి వచ్చాయి. ఇప్పుడు ప్యాకెట్టు మీద ఆర్గానిక్ అని రాయాలంటే రెండు దారులలో ఏదో ఒకదాని సర్టిఫికెట్టు ఉండాలి. ఒకటి పైన చెప్పిన అపెడా దారి. రెండవది పి.జి.ఎస్. అనే వ్యవసాయ శాఖ దారి. ఈ రెండవ దారిలో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా ఏర్పడి, ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసుకుంటారు. బయటి సంస్థకు పెద్ద ఫీజు కట్టలేని చిన్న రైతుకు ఇదే అందుబాటులో ఉన్నది. పక్క పొలం వాడు తప్పు కప్పిపుచ్చడా అని కొందరు అడుగుతారు. కప్పిపుచ్చవచ్చు. కాని ఎవరి పొలంలో ఏ రాత్రి స్ప్రేయరు మోత వినబడిందో పక్కవాడికి తెలిసినట్లు పట్నం నుండి ఏడాదికి ఒకసారి వచ్చే ఆఫీసరుకు తెలియదు. మా మటుకు మేము ఈ పద్ధతిని తక్కువగా చూడము.

ప్యాకెట్టు మీద జైవిక్ భారత్ అనే పచ్చని ముద్ర, సర్టిఫికెట్టు వివరాలు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉన్నాయా అని చూడండి. పి.జి.ఎస్.లో రెండు ముద్రలున్నాయి. 'పి.జి.ఎస్. ఇండియా గ్రీన్' అంటే పొలం ఇంకా పరివర్తనలో ఉన్నదని అర్థం. 'పి.జి.ఎస్. ఇండియా ఆర్గానిక్' అంటే ఆ కాలం పూర్తయినట్లు. అపెడా వారి ఇండియా ఆర్గానిక్ ముద్రను, జైవిక్ భారత్ ముద్రను కలిపి ఒకే ముద్ర చేయాలన్న ప్రయత్నం కూడా జరిగింది కనుక బొమ్మలో తేడా కనిపిస్తే కంగారు పడవద్దు. బొమ్మ కంటే దాని పక్కన ఉన్న వివరాలు ముఖ్యం. 'నేచురల్', 'ఫార్మ్ ఫ్రెష్', 'కెమికల్ ఫ్రీ' వంటి మాటలు ఈ సర్టిఫికెట్టుకు బదులు కావు.

చట్టంలో ఒక మినహాయింపు ఉన్నది. సంవత్సరానికి 12 లక్షల రూపాయలకు మించని అమ్మకం గల చిన్న రైతు లేక రైతుల సంఘం తన పంటను తానే నేరుగా తినేవారికి అమ్మితే సర్టిఫికెట్టు అక్కరలేదు. జైవిక్ భారత్ ముద్ర మాత్రం వాడకూడదు. మన కోత పండుగ బల్లలు, ఆదివారం గుడి గేటు దగ్గర కూరలు అమ్మే అక్కలు ఈ మినహాయింపు కిందికే వస్తారు. అక్కడ సర్టిఫికెట్టు లేదు కనుక మాట ఒక్కటే పూచీ.

చాలామందికి తెలియని మరో సంగతి. ఆర్గానిక్ అంటే పురుగుమందు బొత్తిగా సున్నా అని చట్టం కూడా అనడం లేదు. మామూలు ఆహారంలో అనుమతించిన అవశేషంలో 5 శాతం, లేదా ప్రయోగశాల కొలవగల కనీస మోతాదు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అంతవరకు ఉండవచ్చు. పక్క పొలం నుండి గాలిలో వచ్చినది, పాత నేలలో మిగిలినది పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు. నూటికి నూరు శాతం అని గట్టిగా చెప్పే దుకాణదారుని కంటే ఈ నిబంధన ఎక్కువ నిజాయితీగా ఉన్నది.

బజారు ఎటు పోతున్నది

పై దేశాల వారు మన సర్టిఫికెట్లను ఒకప్పుడు సులువుగా నమ్మేవారు. ఇప్పుడు అలా లేదు. 2020లో యూరపుకు వెళ్లిన మన నువ్వులలో ఇథిలీన్ ఆక్సైడ్ అవశేషాలు బయటపడ్డాయి. వాటిలో ఆర్గానిక్ పేరుతో అమ్మినవి కూడా ఉన్నాయి. ఈ వాయువు మాకు పరిచయమే. వేడి తట్టుకోలేని శస్త్రచికిత్స పరికరాలను క్రిమిరహితం చేయడానికి ఆసుపత్రులలో వాడతారు. నువ్వులలో ఉండవలసినది కాదు. 2006 నుండి మన అపెడా పర్యవేక్షణలో ఇచ్చిన సర్టిఫికెట్లను అంగీకరిస్తూ వచ్చిన అమెరికా వ్యవసాయ శాఖ, 2021 జనవరిలో ఆ ఏర్పాటును ముగిస్తున్నట్లు ప్రకటించి, మారడానికి 2022 జూలై వరకు గడువిచ్చింది. 2020-21లో సుమారు 104 కోట్ల డాలర్లున్న మన సేంద్రియ ఎగుమతులు 2023-24 నాటికి 50 కోట్ల డాలర్ల లోపుకు పడిపోయాయి. 2025 జనవరిలో జాతీయ కార్యక్రమం నిబంధనలను తిరగరాసి ఎనిమిదవ కూర్పు విడుదల చేశారు. గుంపుగా సర్టిఫికెట్టు తీసుకునే రైతుల విషయంలో నియమాలు బిగించారు.

లోపలి బజారు మాత్రం పెరుగుతున్నది. 2004లో హైదరాబాదులో మొదలైన 24 మంత్ర అనే సేంద్రియ సరుకుల సంస్థను 2025లో ఐ.టి.సి. కొనుగోలు చేసింది. పెద్ద కంపెనీలు రావడం వలన తనిఖీలు, రికార్డులు మెరుగుపడవచ్చు. ధర తగ్గుతుందని మాత్రం మేము ఆశ పెట్టుకోలేదు.

ఇక ప్రకృతి వ్యవసాయం. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా 2016 నుండి ఈ కార్యక్రమం నడుస్తున్నది. ఆవు పేడ, మూత్రంతో చేసిన జీవామృతం, విత్తనానికి బీజామృతం, వర్షాలకు ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లడం ఇందులోని పద్ధతులు. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి పొందిన ముగ్గురిలో ఈ కార్యక్రమం ఒకటి. అదే ఏడాది నవంబరులో కేంద్రం 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. ఈ రైతులలో అందరి దగ్గరా సర్టిఫికెట్టు ఉండదు. ఉన్నదా అని అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు, వారు నొచ్చుకోనక్కరలేదు.

రోగికి దీని వలన ఏమి లాభం

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వారు 2012లో అనేక పరిశోధనలను కలిపి పరిశీలించారు. సేంద్రియ ఆహారంలో పోషకాలు ఎక్కువని చెప్పడానికి గట్టి ఆధారం దొరకలేదని, పురుగుమందుల అవశేషాలు కనబడే అవకాశం మాత్రం తక్కువని తేల్చారు. 2014లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం బృందం మరో పరిశీలనలో సేంద్రియ పంటలలో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువగా, కాడ్మియం అనే లోహం తక్కువగా ఉన్నట్లు చూపింది. పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. అవశేషాలు తక్కువన్న మాట దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తున్నారు.

మా రోగులకు చెప్పవలసినది ఇంతకంటే సూటిగా ఉన్నది. ఆర్గానిక్ బియ్యం కూడా బియ్యమే. గిన్నెడు అన్నం తింటే షుగరు పెరిగే తీరు పొలంలో యూరియా వేయనంత మాత్రాన మారదు. పాలిష్ తక్కువ పట్టిన బియ్యమా, పక్కన పప్పు, కూర ఎంత, గిన్నె ఎంత పెద్దది అన్నవే తేడా చేస్తాయి. ఆర్గానిక్ బెల్లం, ఆర్గానిక్ తేనె కూడా చక్కెర లెక్కలోకే వస్తాయి. బీపీ ఉన్నవారికి సైంధవ లవణం కూడా ఉప్పే, పైగా చాలా రకాలలో అయోడిన్ కలపరు. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం తరువాత కొర్రలు, సామలు తినడం ఎక్కువైంది, సంతోషమే. కాని తెల్లగా మెరిసేలా పాలిష్ పట్టినవి కొంటే మీరు డబ్బిచ్చిన పీచు మిల్లులోనే మిగిలిపోతుంది. డాక్టరు చెప్పకుండా మాత్ర, ఇన్సులిన్ మోతాదు ఎవరూ మార్చవద్దు.

మరి ఆకుకూరలు మానేసిన తల్లి సంగతి? అమ్మా, మామూలు బజారు ఆకుకూరనే తెచ్చుకోండి. ధారగా పడే నీటి కింద, లేదా రెండు మూడు సార్లు నీళ్లు మార్చి, ఆకు ఆకు విడదీసి చేత్తో రుద్ది కడగండి. క్యాబేజీ పై పొరలు తీసేయండి. బీర, దోస, ఆనపకాయల చెక్కు తీయండి. ఉప్పు, చింతపండు వేసిన నీళ్లలో కాసేపు ఉంచి, మంచినీళ్లతో కడగడం మన ఇళ్లలో ఉన్నదే, పైన అంటిన మందు దానితో కొంత పోతుంది. మొక్క లోపలికి ఇంకే మందులు కడిగినా పూర్తిగా పోవు. అయినా కూరలు తినడం వలన కలిగే మేలు ఆ హాని కంటే చాలా ఎక్కువ. సబ్బుతో మాత్రం కడగవద్దు. ఖర్చు పెట్టగలిగితే చెక్కు తీయకుండా తినే వాటికి, పచ్చివిగా తినే వాటికి మొదట పెట్టండి. లేకపోతే ఆ డబ్బుతో గుడ్డు, పాలు కొనుక్కోండి.

సేంద్రియ పంటను కడగనక్కరలేదు అనే భ్రమ ఒకటి ఉన్నది. పేడ ఎరువు వేసిన పొలం కూరను ఇంకా బాగా కడగాలి. 2011లో జర్మనీలో ఈ-కోలి క్రిమి వలన యాభై మందికి పైగా చనిపోయారు. వెతకగా వెతకగా అది ఒక సేంద్రియ తోట మొలకల దగ్గర తేలింది. విత్తనం ఈజిప్టు నుండి వచ్చిన మెంతులని విచారణలో అనుమానించారు. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, గర్భిణులు, ముసలివారు పచ్చి మొలకలు తినకుండా ఉడికించి తినడం మంచిది.

మందు కొట్టే చెయ్యి

ఇంతవరకు తినేవారి సంగతి. పురుగుమందు వలన నిజంగా ప్రాణం మీదికి వచ్చి మా క్యాజువాలిటీలో చేరేవారు కూరలు తిన్నవారు కారు. కొట్టినవారు, కలిపినవారు, మనసు విరిగి దానిని తాగినవారు. 1997 నుండి 2002 వరకు వరంగల్‌లోని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పురుగుమందు విషంతో 8,040 మంది చేరారని, నూటికి 22 మందికి పైగా దక్కలేదని ఒక వైద్య పరిశోధన నమోదు చేసింది. 2002లో చేరినవారిలో మూడింట రెండు వంతుల మంది ముప్పై ఏళ్ల లోపువారు. ఏ మందో తెలిసిన మరణాలలో ఎక్కువ భాగానికి కారణమైనవి రెండే, మన రైతులు 'మోనో' అని పిలిచే మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్.

కనుక మా దృష్టిలో నిబంధనల మార్పు అంటే పచ్చని ముద్రల కంటే ముందు ఇది. 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది. 2013 జూలైలో బీహారులోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ భోజనంలో కలిసినది మోనోక్రోటోఫాసే. కూరగాయల మీద దానిని కొట్టకూడదని అంతకు చాలా ముందే నిషేధం ఉన్నది. అయినా డబ్బా మాత్రం ఇళ్లలో ఉండనే ఉన్నది. మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 36 శాతం ద్రావణాన్ని ఆపుతూ ఉత్తర్వు వచ్చింది 2023లో, అదీ పాత నిల్వలు అమ్ముకోవడానికి ఒక సంవత్సరం గడువుతో. ఇంత ఆలస్యం ఎందుకయిందని అడిగే హక్కు ఆ వార్డులో రాత్రులు గడిపిన ప్రతి నర్సుకూ ఉన్నదని మేము అనుకుంటాము.

చట్టం కోసం ఆగని ఊళ్లు కూడా ఉన్నాయి. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2000 తరువాతి తొలి ఏళ్లలోనే పురుగుమందులు మానేసింది. అందులో స్త్రీల సంఘాల పట్టుదల ఎక్కువ. వేప కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, పత్తి చుట్టూ ఎర పంటగా ఆముదం వంటి పద్ధతులే వాడారు. నాటి వరంగల్ జిల్లాలోని ఏనబావి గ్రామం 2006లో తమ ఊరంతా సేంద్రియమని ప్రకటించుకున్నది. మందు కొననందున అప్పు తగ్గింది, ఇంట్లో విషపు డబ్బా లేకుండా పోయింది. ఆర్గానిక్ బియ్యానికి మీరు ఎక్కువ ఇచ్చే పది రూపాయలు ఒక రైతు ఇంట్లో అటువంటి మార్పుకు తోడ్పడితే, ఆ డబ్బు మీ షుగరు తగ్గించకపోయినా వృథా కాదు. అందుకే అది నిజంగా ఆ రైతుకు చేరుతున్నదా అని చూసుకోమంటున్నాము.

ఇప్పటికీ మందు కొడుతున్న మన సంఘస్థులకు కొన్ని మాటలు. గాలికి ఎదురుగా కొట్టవద్దు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. డబ్బా మీద రాసిన గడువు రోజులు ఆగి కోయండి. డబ్బా మీది త్రికోణం రంగు విషపు తీవ్రతను చెబుతుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ త్రికోణం ఉంటే అది ఆర్గానిక్ మందు అని ఒకరిద్దరు మాతో అన్నారు. కాదు, అది కూడా రసాయన విషమే కావచ్చు, తీవ్రత తక్కువ, అంతే. ఖాళీ డబ్బాలో నూనె, నీళ్లు, పప్పులు ఎన్నడూ పోయవద్దు.

కొట్టిన తరువాత విపరీతంగా చెమట, నోట చొంగ, వాంతులు, చూపు మసకబారడం, కండరాలు అదరడం కనిపిస్తే బట్టలు విప్పి, ఒళ్లంతా సబ్బుతో కడిగి, 108కి ఫోను చేయండి. మింగినట్లయితే వాంతి చేయించవద్దు, ఉప్పు నీళ్లు తాగించవద్దు. మందు డబ్బాను వెంట తీసుకురండి, చికిత్స దాన్ని బట్టి ఉంటుంది. అప్పుల వలన గాని, ఇంటి గొడవల వలన గాని మనసు బరువెక్కి బతుకు మీద ఆశ సన్నగిల్లినవారు 14416 (టెలి మానస్) నంబరుకు ఏ వేళలోనైనా మాట్లాడవచ్చు. ఫీజు లేదు. మా చాప్లెయిన్‌గారి గది కూడా తెరిచే ఉంటుంది. ఇంట్లో అటువంటి మనిషి ఉంటే మందు డబ్బాలను తాళం వేసిన చోటికి గాని, ఇంటి బయటికి గాని ఈ రోజే మార్చండి.

ఈ ఏడాది కోత పండుగకు స్త్రీల సమాజం వారితో మాట్లాడాము. అట్టముక్క మీద 'ఆర్గానిక్' అన్న ఒక్క మాటకు బదులు పొలం ఏ ఊరిది, ఎన్నేళ్లుగా మందు కొట్టలేదు, ఏ ఎరువు వేశారు అని రాయమని అడుగుతారు. పి.జి.ఎస్. సర్టిఫికెట్టు ఉన్నవారు దాని నకలు తెస్తే బల్లకు అంటిస్తారు. ఇంకా పరివర్తనలో ఉన్నవారు ఆ మాటే రాయండి, ఆ మూటను మొదట వేలానికి పెట్టమని మేమే అడిగాము. మామూలు పంట తెచ్చేవారు కూడా ఎప్పటిలాగే తీసుకురండి, అట్ట అక్కరలేదు.